అర లీటరు శాంపిల్

"శాంపిల్ కావాలండీ," అన్నాడతను.

ఆమె తలెత్తి చూడలేదు. పొద్దుటి నుంచీ ఆ మాట వినీ వినీ విసుగెత్తిపోయింది. ఉత్సవానికి వచ్చే జనం కడుపు నింపుకోవడానికి రారు. ఈ బండి దగ్గర ఒక చెంచా, ఆ బండి దగ్గర ఒక ముక్క, అలా వరసంతా రుచి చూసుకుంటూ పోయి, చివరికి ఇంటికెళ్ళి భోంచేస్తారు. ఆమె అలవాటు కొద్దీ పిల్లలు ఆడుకునే బొమ్మ గ్లాసంత కాగితం కప్పులో గుమ్మడికాయ సూపు పోసి, పైన రెండు వేయించిన బ్రెడ్డు ముక్కలు వేసి, ట్రక్కు కిటికీలోంచి చెయ్యి చాపింది.

అతను అందుకోలేదు. "ఇది చాలదండీ. అర లీటరు కావాలి."

అప్పుడు చూసింది. చెమటకు ఒంటికి అతుక్కున్న చొక్కా, నిద్ర చాలని కళ్ళు, భుజాన వేలాడుతున్న ఐస్ పెట్టె.

"అర లీటరును శాంపిల్ అనరు సార్. భోజనం అంటారు," అంది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ పొద్దున్నే లేచి అంత గుమ్మడికాయ తరిగిన చేతులకు ఒక మనిషి మీద విరుచుకుపడే అవకాశం దొరికింది. ఇంటి నుంచి పెట్టెలు మోసుకొచ్చి మరీ ఊరికే నింపుకెళ్ళే వాళ్ళ గురించి, సిగ్గూ శరమూ గురించి, చివరికి పెంపకం గురించి కూడా ఆమె సుదీర్ఘంగా మాట్లాడింది. వెనక నిలబడ్డవాళ్ళు సూపు మాట మరిచిపోయి విన్నారు. అతనూ విన్నాడు. అడ్డుపడడానికి కూడా ఓపిక లేనట్టు నిలబడ్డాడు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, మెడలో వెనక్కి తిరిగిపోయి ఉన్న గుర్తింపు కార్డును ముందుకు తిప్పాడు.

లోపల ఉల్లిపాయలు తరుగుతున్న ఆమె బాబాయి ఆ కార్డు చదివి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అతను ఆహార తనిఖీ శాఖ మనిషి. బండి బండికీ తిరిగి, అమ్ముతున్న దాంట్లోంచి కొంత సీసాలో పోయించుకుని, సీలు వేసి ల్యాబుకు పంపడం అతని ఉద్యోగం.

ఆమె నాలుక కరుచుకుంది. అర లీటరు కొలిచి పోసింది. అతను మూత బిగించి, స్టిక్కరు అంటించి, సీసాను ఐస్ మీద పడుకోబెట్టాడు.

"థాంక్సండీ. పెంపకం గురించి మీరన్న మాట మా అమ్మకు చెప్పన్లెండి, బాధపడుతుంది," అని నవ్వకుండా పక్క బండికి వెళ్ళిపోయాడు. అది జోకో కోపమో తేల్చుకోవడానికి ఆమెకు మధ్యాహ్నం దాకా పట్టింది.

బళ్ళ వరసలో వాళ్ళందరూ అప్పటికే అతనికి శాంపిల్ సార్ అని పేరు పెట్టేశారు.

ఉత్సవం చూసేవాళ్ళకు ఎలా ఉంటుందో గానీ, పనిచేసేవాళ్ళకు మాత్రం కాళ్ళు పీకుతాయి. మైదానం అటు చివర వేదిక మీద ఎవరో ఒకరు ఆడుతూనే ఉంటారు, మైకు అరుస్తూనే ఉంటుంది. ఇటు చివర ట్రక్కుల వరస. లోపల స్టవ్వు వేడి, బయట ఎండ. బాబాయికి మోకాళ్ళు వాచాయి, దానికి తోడు బీపీ. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినప్పటి నుంచీ ఆమె ఇంట్లోనే కాదు, బండిలోనూ చెయ్యి బిగబట్టే వండుతోంది. ఎందుకంటే ప్రతి గిన్నెలోంచీ మొదటి గరిటె రుచి చూసేది ఆయనే.

రుచి చూసి ఆయన అనేది ఒకటే మాట, "అమృతం." అడుగంటిన రోజు కూడా అమృతమే. కొనుక్కున్నవాళ్ళు ఫోను చూసుకుంటూ "సూపర్" అంటారు. ఇంతకు ముందు బండి పెట్టిన చోటల్లా అదే తంతు. సూపర్ అన్నవాడు మళ్ళీ కనిపించడు. తను వండేది నిజంగా బాగుంటుందా అన్న అనుమానం ఆమెను చాలా రోజులుగా తొలుస్తోంది. బాగాలేదని ఒక్కరు ముఖం మీద చెప్పినా దిద్దుకునేదాన్నని బాబాయితో అంటే, ఆయన అమృతానికి వంకేం పెడతారమ్మా అన్నాడు. దాంతో ఆమెకు ఉన్న కాస్త ఓపికా అయిపోయింది. ఉత్సవం ఆఖరి సాయంత్రం ఒక క్యాటరింగు ఆయన బండిని చూడడానికి వస్తున్నాడు. ఆయనకు నచ్చితే బండి అమ్మేసి, ఏదైనా క్యాంటీన్లో పనికి కుదురుకుందామని ఆమే నిర్ణయించింది. బాబాయి వద్దనలేదు, సరేననీ అనలేదు.

మర్నాడు శాంపిల్ సార్ వచ్చినప్పుడు, సీసా నింపాక, క్షమాపణగా ఒక పెద్ద గిన్నెడు సూపు విడిగా పెట్టింది. అతను గిన్నె వైపు చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు. తర్వాత వద్దండీ అని తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

అది ఆమెకు గుచ్చుకుంది. ఎన్నో వంటగదులు చూసిన మనిషి, ఇక్కడ ఏదో చూసే ఉంటాడు అనుకుంది. ఆ మధ్యాహ్నం చెత్తసంచి పడేయడానికి దిగితే, బండి వెనక నీడలో అతను అట్టపెట్టె మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలోంచి ఎండు బ్రెడ్డు తింటున్నాడు. చుట్టూ అన్ని బళ్ళు ఘుమఘుమలాడుతుంటే ఆ మనిషి ఆ బ్రెడ్డును నీళ్ళతో మింగుతున్నాడు.

"మా గిన్నెలు అంత మురికిగా కనిపించాయా సార్?" అంది.

అతను ఉలిక్కిపడి లేచాడు. అదేం కాదన్నాడు. శాంపిల్ తీసే చోట మంచినీళ్ళు కూడా ముట్టకూడదని రూలు. తిన్నవాడి మాట నమ్మరు కదా అన్నాడు. "ఊళ్ళో తిరిగే బళ్ళన్నీ నా కిందే ఉన్నాయండీ. అందుకని ఏ బండి దగ్గరా తినలేను. వాసనలు చూసి బతికేస్తున్నాను."

ఆమెకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. రెండూ దాచుకోలేక చెత్తసంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆ రోజు నుంచి అతని మధ్యాహ్నపు అట్టపెట్టె, ఆమె ఉల్లిపాయల బుట్ట ఒకే నీడలోకి చేరాయి. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. అలసిపోయిన మనిషి పక్కన ఇంకో అలసిపోయిన మనిషి ఊరికే కూర్చోవడంలో ఎంత సుఖం ఉందో ఇద్దరికీ అప్పుడే తెలిసింది. బాబాయికి ఆ వేళప్పుడు లోపల ఎక్కడలేని పనీ ఉండేది.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. జనం చెల్లాచెదురయ్యారు, వేదిక మీద మైకుకు ఎట్టకేలకు విశ్రాంతి దొరికింది. అతను ఐస్ పెట్టెతో సహా వచ్చి ఆమె బండి కిటికీ రేకు కింద నిలబడ్డాడు. ఆమె లోపల, అతను బయట, మధ్యలో గిన్నెలోంచి లేస్తున్న ఆవిరి.

"వాన నీళ్ళయినా తాగొచ్చా సార్?" అని అడిగింది.

"మీ రేకు మీంచి కారుతున్నాయిగా. కుదరదు."

ఈసారి అది జోకేనని ఆమెకు వెంటనే తెలిసింది. నవ్వుతూ నవ్వుతూనే, ఎందుకో, బండిని అమ్మేస్తున్న సంగతి చెప్పేసింది. అనుమానం సంగతీ చెప్పింది. నిజం చెప్పే నోరు ఒక్కటి దొరికితే చాలనిపిస్తోందని, తనకు తెలిసినవాళ్ళలో అలాంటి నోరు అతనిదొక్కటేనని, అది కాస్తా రూలు పెట్టి కుట్టేసి ఉందని అంది.

అతను వాన వైపు తిరిగాడు. "నాకూ తాగాలనే ఉందండీ," అన్నాడు నెమ్మదిగా. "మొదటి రోజు నుంచీ."

సూపు సంగతే అన్నాడో లేదో ఆమె అడగలేదు. గరిటె తీసుకుని, కలపాల్సిన అవసరం లేని గిన్నెను కలుపుతూ ఉండిపోయింది.

ఆ వానే కొంప ముంచింది. మర్నాడు మధ్యాహ్నం, మైదానంలో అన్ని బళ్ళకూ నీళ్ళిచ్చే గొట్టంలోకి బురద నీరు చేరిందని ల్యాబు నుంచి కబురు వచ్చింది. గొట్టం కడిగి, మళ్ళీ పరీక్ష అయ్యేదాకా వరసంతా మూసేయాలి. శాంపిల్ సార్ ఎర్ర కాగితాల కట్ట పట్టుకుని వరస అటు చివర నుంచి ఒక్కో బండికీ అంటించుకుంటూ వచ్చాడు. ఆమె బండి దగ్గరికి అందరికన్నా ఆఖరున వచ్చాడు. ముఖం ఎత్తలేదు. కాగితం అంటించి, సూపంతా పారబొయ్యమని చెప్పి వెళ్ళిపోయాడు.

కారణం తెలిసినా ఆమెకు ఏడుపొచ్చింది. నీళ్ళు పాడవడం అతని తప్పు కాదు, కాగితం అంటించడమూ తప్పు కాదు. ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే ఏం పోయేదని ఆమె బాధ. పొద్దుటి నుంచి కాచిన సూపును బాబాయి, ఆమె చెరో పక్కా పట్టుకుని మురికికాలవలో ఒంపేశారు. బండి చూడ్డానికి వచ్చేవాడు ఇవాళే వచ్చినా బాగుండునని ఆమె అంది.

ఆఖరి రోజు గొట్టం బాగుపడింది, కాగితాలు తీసేశారు. పొద్దున్నే శాంపిల్ కోసం వచ్చింది మాత్రం అతను కాదు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ, భుజాన అదే ఐస్ పెట్టె.

"ఇక నుంచి ఈ బండి తనిఖీ నాదమ్మా," అందావిడ. ఆ సార్ ఏమయ్యారని ఆమె వీలైనంత మామూలుగా అడిగింది. ఆ గొంతు మామూలుగా లేదని లోపలున్న బాబాయికి కూడా తెలిసిపోయింది.

ఆవిడ సీసా మూత తిప్పుతూ జరిగింది చెప్పింది. నిన్న నీళ్ళు బాగాలేవని తెలిశాక, ఈ బండి మూయడానికి మనసొప్పక, అతను కావాలనే వరస అటు చివర నుంచి మొదలుపెట్టాడట. దగ్గరలో ఉన్న ఈ బండికి ఆఖరున వచ్చాడట. ఆ కాసేపట్లో ఇక్కడ తాగినవాళ్ళకు ఏమైనా అయ్యుంటే ఎవరు జవాబుదారీ అని అతనికి నిద్ర పట్టలేదట.

"పొద్దున్నే మా పెద్దసార్ దగ్గరికెళ్ళి, ఆ సూపు బండి విషయంలో నేను న్యాయంగా ఉండలేను, నా చేతిలోంచి తీసేయండి అన్నాడు. ఎందుకయ్యా, వాళ్ళేమైనా తినిపించారా అని ఆయన అడిగాడు. ఏమీ తినలేదు సార్, అదే ఇబ్బంది అన్నాడు." ఆవిడ స్టిక్కరు అంటించి కళ్ళజోడు మీంచి చూసింది. "ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి కారణం వినలేదమ్మా. చీవాట్లు పెట్టి, ఒప్పుకున్నారు."

ఆవిడ వెళ్ళాక ఆమె గరిటె ఎక్కడ పెట్టిందో మరిచిపోయి వెతుక్కుంది. అది చేతిలోనే ఉంది. కోపమూ సంతోషమూ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి. ఉల్లిపాయల సంచి మీద కూర్చుంది. బాబాయి స్టవ్వు మంట తగ్గించాడు.

మధ్యాహ్నం క్యూలో అతను కనిపించాడు. మెడలో కార్డు లేదు, భుజాన పెట్టె లేదు. ముందున్నవాళ్ళు ఒక్కో చిన్న కప్పూ తీసుకుని తప్పుకుంటుంటే, తన వంతు కోసం బుద్ధిగా నిలబడ్డాడు. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి అలవాటుగా చిన్న కప్పు మీదికి వెళ్ళింది.

"శాంపిల్ వద్దండీ," అన్నాడు. "భోజనం కావాలి. అర లీటరు."

ఆమె కొలవలేదు. ఉన్నవాటిలో పెద్ద గిన్నె తీసి అంచుదాకా పోసింది. వెనకవాళ్ళు విసుక్కున్నా అతను పక్కకు జరగలేదు. ఆమె ఎదురుగానే నిలబడి, ఊదుకుని, ఒక గుక్క తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆమెకు మైకు హోరు కూడా వినిపించలేదు.

"ఉప్పు తక్కువైందండీ," అన్నాడు.

లోపల బాబాయి చటుక్కున అటు తిరిగి ఉల్లిపాయలు చూడసాగాడు.

"మిగతాదంతా..." అతను ఇంకో గుక్క తాగాడు, ఇంకోటి తాగాడు. "నేను ఇన్నాళ్ళూ వాసన చూసి అనుకున్న దానికన్నా బాగుంది. ఉప్పు ఒక్కటే."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఆపుదామంటే ఆగలేదు, కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. ఇన్నాళ్ళూ తన చేతిలోనే ఏదో లోపం ఉందని కుమిలిపోయింది. తీరా చూస్తే అది చిటికెడు ఉప్పు. బాబాయికి ముందే చిన్న గిన్నెలో విడిగా తీసిపెట్టి, కాగుతున్న సూపులోనూ అతని గిన్నెలోనూ ఉప్పు వేసి కలిపింది. అతను మళ్ళీ రుచి చూశాడు.  గిన్నె ఖాళీ చేసి, మళ్ళీ కిటికీలో పెట్టాడు.

"ఇంకొంచెం పొయ్యండి," అన్నాడు. రెండోసారి అడిగిన మొదటి మనిషి అతనే.

ఆమె పోసింది. అతను గిన్నె అందుకుంటూ, ఆమె వేళ్ళు వదలకముందే, గొంతు తగ్గించి అడిగాడు.

"ఉత్సవం అయిపోతోంది కదండీ. రేపు బండి ఎక్కడ పెడతారు?"

బాబాయి తరగడం ఆపేశాడు. సాయంత్రం వచ్చే క్యాటరింగు ఆయన సంగతి ముగ్గురికీ తెలుసు. ఆమె అతని వైపు చూసింది. అదే చెమట చొక్కా, అవే నిద్ర చాలని కళ్ళు. తన కళ్ళూ అలాగే ఉంటాయని తెలుసు.

"బస్టాండు పక్కన, చెప్పుల కొట్టు ఎదురుగా," అంది. "రేపు కొంచెం లేటుగా తెరుస్తాం. నిద్రపోవాలి."

"నేనూ నిద్రపోయే వస్తాను," అన్నాడతను.

బాబాయి చేతులు తుడుచుకుని, క్యాటరింగు ఆయనకు ఫోను చేయడానికి బండి దిగాడు.