అటు ఒడ్డున దిగేదెవరు?

"అయ్యో! ముందు చక్రాలు లాగడం లేదే..." గ్లెనిస్ స్టీరింగు మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. వెనక చక్రాలు రెండూ గిర్రున తిరిగి ఇసుకలో గొయ్యి తవ్వుకుని కూర్చున్నాయి. ఎదురుగా వాగులో ఎర్రనీళ్ళు అప్పుడే మోకాలి లోతు వచ్చాయి. సాయంత్రానికి నడుం దాటుతాయి, ఆ తర్వాత మార్చి దాకా దారి మూసుకున్నట్టే! విమానం దిగే నేల ఎప్పుడో బురదగుంట అయింది. వాగు అవతల, మౌంట్ ఐసా పట్నంలో కూతురికి తొలికాన్పు. "అమ్మా, నువ్వు వస్తావుగా?" అని నిన్న రేడియోలో అడిగిన ఆ బెదురు గొంతు ఇంకా చెవుల్లోనే ఉంది.

భర్త రెక్స్ గుర్రం మీంచి పడి చనిపోయి ఏడాది దాటింది. ఆనాటి నుంచి ఆ పశువుల పాకల నడుమ మిగిలింది తను, అత్తగారు ఎడ్నా. గిడ్జీ చెట్టు కింద ఉన్న మొగుడి సమాధినీ, కొడుకు సమాధినీ వదిలి రానంటుంది ముసలావిడ. ఆవిణ్ణి వదిలి తను కదల్లేదు, కూతురి కాన్పుకి పోకుండానూ ఉండలేక ఇవాళ ఒంటరిగా బయల్దేరింది. అడకత్తెరలో పోకచెక్క బతుకు! ఆ అడవిలో ఈ పాత ట్రక్కే దిక్కు. ఇసుక రాగానే కిందికి దిగి, ఒక్కో ముందు చక్రం నడిబొడ్డున ఉన్న హబ్బుని చేత్తో తిప్పి బిగించాలి. అప్పుడే నాలుగు చక్రాలూ లాగుతాయి. ఏటా వానలకు ముందు వాటిని విప్పి, కిరోసిన్‌తో కడిగి, పలచగా గ్రీజు రాయడం రెక్స్ నేర్పిన పని. ఈసారి గ్లెనిస్ పోయినవారమే చేసింది. ఇవాళ దిగి బిగించింది కూడా. మరి ఇదేమిటి?

కిందికి దిగి హబ్బు బోల్టులు విప్పింది. మూత ఊడదీసి చూసింది. లోపల గ్రీజు గొంతుదాకా కూరి ఉంది! పళ్ళ చక్రం అందులో కూరుకుపోయి కదలడం లేదు. రెండో వైపూ అంతే.

వెనక అడుగుల చప్పుడైంది. చేతికర్రతో ఎడ్నా వచ్చి నిలబడింది.

"అత్తయ్యా... ఇది నేను చేసిన పని కాదు."

"కాదు. నేనే. ఆదివారం నువ్వు బట్టలుతుకుతున్నప్పుడు గ్రీజు డబ్బా అంతా కూరాను."

"మీరా! నా కూతురు అక్కడ కాన్పుకి నాకోసం ఎదురు చూస్తుంటే... మీకు మనసెలా ఒప్పింది?"

"ఎనభై ఏళ్ళ ముండకి మనసొకటి!" అంది ముసలావిడ. ఎప్పటిలా దెప్పిపొడిచే గొంతే, కాని సగంలో విరిగింది. "మొగుడు పోతే కొడుకున్నాడనుకున్నాను. వాడు పోతే నువ్వున్నావనుకున్నాను. నాలుగు నెలలు ఆ రేకుల కింద వాన చప్పుడు వింటూ ఒక్కదాన్నీ... భయమేసింది గ్లెనిస్! నోరు తెరిచి చెప్పడానికి సిగ్గేసింది."

గ్లెనిస్‌కి కోపం ముంచుకొచ్చింది, దానితోపాటే ఏడుపూ వచ్చింది. తను ఏడాదిగా పడుతున్న భయం కూడా అదే కదా! ట్రక్కు పక్కనే ఇసుకలో కూలబడింది.

ఎడ్నా ఇంటికి నడిచింది. చాలాసేపటికి తిరిగొచ్చింది... చేతిలో కిరోసిన్ డబ్బా, పాత గుడ్డలు, తలమీద టోపీ! ఇసుకలో మోకాళ్ళూని హబ్బు ముందు కూర్చుంది.

"లే! ఏడిస్తే గ్రీజు కరగదు. రెక్స్‌కి ఈ పని నేర్పిందెవరనుకున్నావు? వాళ్ళ నాన్నా? ఆయనకి స్పానరెటు పట్టుకోవాలో తెలిస్తేగా! రొట్టె పెనానికి నూనె రాసినంతే గ్రీజు, అంతే..."

ముడతలు పడ్డ ఆ వేళ్ళు స్ప్రింగునీ, పళ్ళనీ ఒక్కొక్కటే కడిగి తుడిచి బిగించాయి. హబ్బులు రెండూ తిప్పి ఎడ్నా సరాసరి ముందు సీట్లోకి ఎక్కింది.

"మీరెక్కడికి అత్తయ్యా?"

"అటు ఒడ్డున గట్టి రోడ్డు. హబ్బులు వదులు చేయకపోతే గేర్లు విరుగుతాయి. చేసేవాళ్ళుండాలిగా?"

"మరి వెనక్కెలా వస్తారు?"

"ముందు నడుపు. నీళ్ళు నీకోసం ఆగవు."

ట్రక్కు మూలిగింది... కదిలింది! నాలుగు చక్రాలూ ఇసుకని పట్టి లాగాయి. నీళ్ళు తలుపుల్ని కొట్టాయి. గ్లెనిస్ పళ్ళు బిగించి నడిపింది. అటు ఒడ్డెక్కి ఆగగానే ఎడ్నా మెల్లగా దిగి, ఒక్కో హబ్బునీ తిప్పి వదులు చేసింది. తర్వాత వాగువైపు తిరిగి నిలబడింది. ఆవలి గట్టున ఇంటి రేకులూ, గిడ్జీ చెట్టూ వానలో మసకగా కనిపిస్తున్నాయి. ముసలావిడ టోపీ తీసి గుండెకి ఆనించుకుంది. గ్లెనిస్ కళ్ళు తుడుచుకుంది.

కాసేపటికి ఎడ్నా తనే వచ్చి సీట్లో కూర్చుంది.

"కోళ్ళగూడు తలుపు ఇందాకే తీసొచ్చాను. ఇక వాటి తిండి అవే చూసుకుంటాయి," అంది ముందుకే చూస్తూ. "పోనియ్యి. పిల్ల ఎదురు చూస్తూంటుంది."