సత్తిరాజుగారింట్లో పచ్చ లైటు

"దీపమెట్టకే చెల్లీ, గుమ్మాన దీపమెట్టకే...
కొల్లేటి గాలికి కళ్లున్నాయే..."

ఆ తర్వాతి మాట ఎంత తలుచుకున్నా రావట్లేదండి. చిన్నప్పుడు ఊడ్పుల్లో పాడేవాళ్లం.

గుండుగొలను దాటాక చేపల చెరువు గట్టున సత్తిరాజుగారి ఇల్లుంది. పొద్దు వాలితే అటెవరూ వెళ్లరు. ఆయన రెండో భార్యను తెచ్చుకున్నాడు. ఆ పిల్ల గుమ్మంలో దీపం పెట్టిన సాయంత్రమే మొదటి భార్య చెరువులో దూకి చచ్చిపోయింది... ఆ ఇంట్లో ఇంకో ఆడదాని దీపం నిలవనివ్వదని చెప్పుకుంటారు.

అద్దె తక్కువని ఓ చేపల మేత కంపెనీ అందులోనే ఆఫీసు పెట్టింది. మా మనవరాలు రమ్య అక్కడ కంప్యూటర్ చూసేది.

తనకి అరచేతిలో పట్టే చిన్న మిషన్ ఇచ్చారు. పెద్ద కంప్యూటర్లోంచి వైరుతో ప్రోగ్రాం అందులోకి ఎక్కించాలటండి. ఇక గట్ల మీద తిరుగుతూ ఏ చెరువుకి ఎంత మేతో అందులోనే కొట్టుకోవచ్చు. తాడేపల్లిగూడెం ఆఫీసులో ఇక్రా అనే పిల్లకీ అలాంటిదే ఇచ్చారు. ఎవరి మిషన్ బాగా నడిస్తే వాళ్లకే సూపర్‌వైజర్ ఉద్యోగం.

ఇక్రాది ఒక్కసారికే ఎక్కింది.

రమ్యది... పూటంతా కూర్చుని ఎక్కించి, ఛార్జింగు స్టాండులో పెట్టి వస్తుందా — తెల్లారేసరికి ఖాళీ! వైరు మార్చింది. అంతా తీసేసి మొదట్నుంచీ ఎక్కించింది. మళ్లీ ఖాళీ.

"ఇక్రాకి ఫోన్ చేసి అడగవే," అన్నాను.

"దాన్నా? నవ్వుద్ది." కంచం పక్కకి తోసేసింది. "దానికంటే నాకేం తక్కువ అమ్మమ్మా?"

ఓ సాయంత్రం, రాత్రిపూట ఏం జరుగుతోందో చూద్దామని, రమ్య ఆఫీసులోనే తలుపు చాటున కూర్చుండిపోయింది. చీకటి పడింది. చెరువులో చేప ఎగిరిన చప్పుడు... వాకిట్లో మెత్తగా అడుగులు... గోడ మీదికి ఓ చెయ్యి పాకింది —

టప్!

స్టాండు మీది పచ్చ లైటు ఆరిపోయింది.

"ఎ... ఎవరూ?"

"నేనేనండీ రమ్యగారూ, మరియమ్మని." ఆఫీసు ఊడ్చే మనిషి. గుసగుసగా అంది, "రోజూ కరెంటు మెయిన్ ఆపేసే వెళ్తానండీ, పొద్దున్నే వేస్తాను. ఆవిడకి దీపం గిట్టదు కదా... పచ్చదైనా దీపమేగా!"

ఆ మిషన్‌కి ఛార్జింగు పూర్తిగా పోతే లోపలున్నదంతా మర్చిపోద్దటండి. బ్యాటరీ పాతది, రాత్రంతా ఆగేది కాదు. అంతే సంగతి. దెయ్యమూ లేదు, భూతమూ లేదు.

రమ్య పడీపడీ నవ్వుతూ చెప్పింది. మరియమ్మ మాత్రం మెయిన్ ఆపడం మాననంది. సరేలెమ్మని, ప్రోగ్రాం మళ్లీ ఎక్కించి, మిషన్ ఇంటికే తెచ్చి యేసుప్రభువు పటం కింద ఛార్జింగు పెట్టుకునేది. తెల్లారి చూస్తే అన్నీ భద్రంగా ఉండేవి.

ఇద్దరి మిషన్లూ చూడ్డానికి ఏలూరు నుంచి పెద్దసారు పొద్దున్నే వస్తారనగా, ఇక్రా ముందురోజే వచ్చి ఆఫీసులో రమ్యని కలిసింది. "అక్కా, నాది ఛార్జింగు అయిపోవచ్చింది. నేను దిగిన మా చుట్టాలింట్లో కరెంటు లేదు, కాస్త నీ దగ్గర పెడతావా?" అని మిషన్ చేతిలో పెట్టి వెళ్లిందట. మంచి పిల్లండీ.

రమ్య ఇంటికొచ్చి, అన్నం తిని పడుకుంది. నేను దీపం తగ్గించబోతూ చూశాను. పటం కింద పచ్చ లైటు ఒక్కటే ఉంది.

"ఇక్రాదేదే?" అన్నాను.

గోడవైపు తిరిగే ఉంది. మెల్లగా అంది —

"ఆఫీసులో పెట్టొచ్చాను అమ్మమ్మా... ఛార్జింగుకి."