దొరికినవాళ్ల లిస్టులో రోజా

రోజా దొరికింది. డిసెంబరు 31, సాయంత్రం 6:40కి. కంప్యూటర్ అలాగే చెబుతోంది.

ఇంటికి మాత్రం రాలేదు.

జనవరి 12, సోమవారం. ఉదయం 10:40. నిజామాబాద్ పోలీసు ఆఫీసులో జనం అర్జీలు ఇచ్చే ప్రజావాణి రోజు. స్టేషన్ల నుంచి వచ్చే నేరాల లెక్కలన్నీ ఒకచోట కూర్చే సెక్షన్‌లో, ఎస్సై సుకన్య టేబుల్ ముందు ఒక యాభై ఏళ్ల మనిషి నిలబడింది. పేరు చంద్రవ్వ. బీడీలు చేస్తుంది. చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో ఒక జత చెప్పులు.

"నా బిడ్డ దొరికిందట మేడం. యాడ ఉంచిన్రు? సూపియ్యున్రి, తోలుకపోత."

"ఎవరు చెప్పిన్రు అవ్వా?"

"నిన్న స్టేషన్‌కు పోయిన. కొత్తగొచ్చిన పోలీసు పిల్ల కంప్యూటర్‌ల సూసి, దొరికింది, కేసు క్లోజ్ అన్నది. గా మాట ఇనంగనే నా పానం లేసొచ్చింది బిడ్డా. కోపంల ఒట్టి కాళ్లతోని పోయింది పొల్ల. గందుకే చెప్పులు తెచ్చిన."

"ఎప్పుడు పోయింది?"

"నవంబర్ పద్నాలుగు. పొద్దుగాల తొమ్మిదింటికి."

"ఎందుకు?"

చంద్రవ్వ తల దించుకుంది. "నర్సు కోర్సు సదువుత, బీడీల చాట ముట్ట అన్నది. నాకు తిక్క లేసి చెంప మీద కొట్టిన. చేతుల ఫోన్ మంచం మీద ఇసిరేసి పోయింది."

"గుర్తులేమన్న ఉన్నయా?"

"ఇరవై ఏండ్లు. ఎడమ చేతి చూపుడు వేలుకు మచ్చ. ఆకు కత్తిరిస్తుంటే కత్తెర తాకి తెగింది."

"పోలీసులు మీ ఇంటికి వచ్చిన్రా?"

"రాలే. 31 నాడు ఫోన్ చేసిన్రు. ఇంటికాడనే ఉన్నవా అన్నరు. ఉన్న అన్న. మంచిగున్నవా అన్నరు. ఉన్న సారూ అన్న. పెట్టేసిన్రు. బిడ్డను తెస్తున్రేమోనని అర్ధరాత్రి దాంక గడపల కూసున్న."

సుకన్య ఆ మాట విన్నది గానీ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే గంట ముందే విషయం తేలిపోయేది. అయినా ఏం లాభం! గంటతో తీరే నష్టం కాదది.

"బయట బెంచీ మీద కూసో అవ్వా. నేను కనుక్కుంట."

11:05. చంద్రవ్వ వెళ్లిన స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్ సిద్దిరాములుకు ఫోన్ చేసింది. ఇరవై ఆరేళ్ల సర్వీసున్న హెడ్ కానిస్టేబుల్.

"అన్నా, రోజా కేసు. పిల్ల ఎట్ల దొరికింది?"

"ఫోన్‌ల దొరికింది మేడం."

"కళ్లతోని చూసినవా?"

"మాట్లాడిన. దరఖాస్తుల పిల్ల నంబరుంటే దానికే చేసిన. తనే ఎత్తింది. ఇంటికాడనే ఉన్న, మంచిగున్న అన్నది."

"ఎన్ని గంటలకు?"

"6:31."

"స్టేట్‌మెంట్ ఏది?"

"తర్వాత రాసుకుందామనుకున్న మేడం."

"ఫైల్ పట్టుకొని రా. ఇప్పుడే."

ఇంటికి రాని పిల్ల ఇంట్లోనే ఉన్నానని ఎందుకు చెబుతుంది? ఎవడైనా దాచిపెట్టాడా? పక్కన నిలబడి, భయపెట్టి అలా అనిపించాడా?

11:40. ఫైల్ వచ్చింది. సిద్దిరాములు చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. సుకన్య దరఖాస్తులోని నంబరు చూసి డయల్ చేసింది.

కిటికీ అవతల, వరండాలో ఫోన్ మోగింది.

"హలో... ఎవలు? రోజానా? బిడ్డా, నువ్వేనా?"

ఆ గొంతు సుకన్య చెవి దగ్గరా వినిపించింది, కిటికీలోంచీ వినిపించింది.

సుకన్య ఫోన్ పెట్టేసి, కాగితాన్ని మళ్లీ చూసింది. తప్పిపోయిన మనిషి మొబైల్ అన్న గడిలో పది అంకెలు. ఫిర్యాదు చేసినవారి మొబైల్ అన్న గడిలో అవే పది అంకెలు. ఆ ఇంటికి ఉన్నదే ఒక్క ఫోన్.

"పేరు అడిగినవా అన్నా?"

"లేదు మేడం."

మరి రోజా ఎక్కడ?

11:55. సుకన్య ఇంకో లిస్టు తెరిచింది. గుర్తు తెలియని మృతులు, జనవరి. మూడో వరుసలో, ఇరవై ఏళ్ల యువతి అన్నచోట వేలు ఆగింది. బోధన్ రోడ్డు మీది స్టేషన్‌లో కానిస్టేబుల్ కృష్ణకు ఫోన్ చేసింది.

"రెండో తారీఖు సాయంత్రం మేడం. బోధన్ నుంచి వచ్చే బస్సు పంక్చరై ఆగింది. జనం దిగి రోడ్డు పక్కన నిలబడ్డరు. ఎనుక నుంచి లారీ తగిలింది. తలకు దెబ్బ. స్పృహ రాలే. ఎనిమిదో తారీఖు తెల్లారుజామున పోయింది."

"ఏ దవాఖానల?"

"నిజామాబాద్ సర్కారు దవాఖాననే మేడం."

చంద్రవ్వ ఇంటికి రెండు కిలోమీటర్లు.

"దగ్గర ఏమేం దొరికినయ్?"

"నిజామాబాద్‌కు కొన్న బస్సు టికెట్. పేపర్‌ల సుట్టిన బెల్లం ముద్ద. మన రాష్ట్రం ఆధార్ చూపిస్తే ఆడోళ్లకు బస్సు ఫ్రీ గద, ఈమె పైసలిచ్చి టికెట్ కొన్నది. చెరుకు నరక వచ్చిన మహారాష్ట్ర కూలీ అనుకున్నం. ఫోటో ఆ దిక్కు స్టేషన్లకే పంపినం."

ఒట్టి కాళ్లతో పోయిన పిల్ల దగ్గర ఆధార్ కార్డు ఎక్కడిది!

"మన మిస్సింగ్ లిస్టు చూడలేదా?"

"మూడో తారీఖే సూసిన మేడం. ఆ వయసు పొల్ల పెండింగ్‌ల ఒక్కతీ లేదు."

ఉండదు. అప్పటికే దొరికిపోయింది కదా.

"ఎడమ చూపుడు వేలు?"

కాగితాలు తిప్పిన చప్పుడు. "తెగిన పాత మచ్చ, మేడం."

మధ్యాహ్నం 3:30. కృష్ణ ఒక కవరుతో వచ్చాడు. సిద్దిరాములు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సుకన్య చంద్రవ్వను లోపలికి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులూ పట్టుకుంది. జరిగిందంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు.

చంద్రవ్వ ఏడవలేదు.

"ఆరు దినాలు పానంతో ఉన్నదా?"

"ఉన్నది అవ్వా."

"నేను ఇంట్లనే ఉంటి గద. చెంచతోని నీళ్లన్న పోసేటిదాన్ని. నేనే ఉన్న అంటిని. నా బిడ్డ దొరికిందని నా నోటితోనే చెప్పిననా?"

"నీ తప్పు లేదమ్మా," అన్నాడు సిద్దిరాములు. "అంతా నేనే చేసిన."

సుకన్య తన ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టింది. "ఇది గూడ చెప్పు అన్నా. 31 నాడు 6:12కు నీకు ఫోన్ చేసిందెవరు?"

జవాబు కూడా తనే చెప్పింది.

"నేను. ఏడింటికి ఏడాది లెక్క పంపాలె, మీ స్టేషనే అందరికన్న ఎనుక ఉంది, పెండింగ్ తగ్గించు అన్న. ఆరూ నలభైకి పద్నాలుగు మంది దొరికిన్రు అని పంపినవ్. ఇరవై ఎనిమిది నిమిషాలల్ల పద్నాలుగు మంది ఎట్ల దొరికిన్రని నేను అడగలే. శభాష్ అన్న."

కృష్ణ కవరు విప్పాడు. చంద్రవ్వ బెల్లం ముద్దను చేతిలోకి తీసుకుంది.

"నేను బెల్లం చాయే తాగుత," అంది. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపుకు పక్క గదుల్లో టైపింగ్ ఆగిపోయింది.

మార్చురీకి సుకన్యే తీసుకెళ్లింది. చంద్రవ్వ బిడ్డ పాదాలను కొంగుతో తుడిచి చెప్పులు తొడిగింది. చెంప నిమిరింది. ఏ చెంప మీద కొట్టిందో ఆ చెంపే. తర్వాత ఫోన్ తీసి సుకన్య చేతిలో పెట్టింది.

"ఇది నీకాడ ఉంచు మేడం. రెండు నెలల సంది చార్జింగ్ అయిపోనియ్యలే. ఇగ ఎవలు చేస్తరు దీనికి?"

సాయంత్రం 6:15. ఆఫీసులో అందరూ వెళ్లిపోయారు. సుకన్య తన మీద తనే రిపోర్టు రాసి సంతకం పెట్టింది. వార్షిక లెక్కలో దొరికినవాళ్ల సంఖ్య ఒకటి తగ్గించింది. మిగిలిన పదమూడు ఫైళ్లు ముందు పెట్టుకుని, మొదటి నంబరు కలిపింది.

"హలో," అంది మగ గొంతు.

"పోలీసు ఆఫీసు నుంచి. ముందు మీ పేరు చెప్పున్రి."

"భూమన్న, మేడం. సౌందర్య వాళ్ల బాపును." ఆ గొంతులో ఆశ ఒక్కసారి పైకి లేచింది. "మా బిడ్డ జాడ ఏమన్న దొరికిందా?"