గుమ్మం వైపు కుర్చీలు

"శనివారమా! ఈ శనివారమేనా!" అని అత్తగారు మూడోసారి అడిగింది.

"అవునత్తయ్యా" అని కోడలు మూడోసారీ చెప్పింది. చేతిలో ఉత్తరం అలాగే ఉంది. పిల్లల సంక్షేమ కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరం. మూడేళ్ళ కిందట దత్తత కోసం మీరు పెట్టుకున్న దరఖాస్తుకి వంతు వచ్చింది, ఐదేళ్ళ పాప ఉంది, శనివారం పదకొండింటికి మా అధికారి మీ ఇల్లు చూడడానికి వస్తారు... నాలుగే నాలుగు లైన్లు.

ఆ దరఖాస్తు పెట్టించింది గడుగ్గాయి. గడుగ్గాయి అంటే కోడలి కూతురే. అసలు పేరు స్కూలు రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా పనికిరాలేదు! ఆరేళ్ళప్పుడు "నాకో చెల్లి కావాలి. పాలు తాగే సైజు వద్దు, మాట్లాడే సైజు కావాలి" అని రోజూ గోల పెట్టి, అమ్మానాన్నల్ని ఆ ఆఫీసు దాకా నడిపించింది. తర్వాత ఆ పిల్లకే జబ్బు చేసింది. రెండేళ్ళు హాల్లో మంచం మీద ఉంది. పది నెలల కిందట పోయింది... ఇంట్లో ఎవరికీ దరఖాస్తు సంగతే గుర్తు లేదు. ఆఫీసుకి మాత్రం గుర్తుంది. ఆఫీసులు మనుషుల్ని మర్చిపోతాయేమో గానీ కాగితాల్ని మర్చిపోవు కదా!

కోడలు ఆ ఆఫీసుకి ఫోన్ చేసి, మా పాప పోయిందండీ అని చెప్పింది. పాలవాడికి రేపటినుంచి అర లీటరు చాలు అన్నంత మామూలుగా చెప్పింది. అవతలి గొంతు "మీరు వద్దంటే మేం రామండీ. కాకపోతే ఈసారి కాదంటే ఫైలు మూసేస్తారు. మళ్ళీ తెరవడం ఉండదు" అంది. వద్దు అనే మాట నోటిదాకా రాలేదు. కావాలి అనే మాటా రాలేదు. "సరేనండీ" అని పెట్టేసింది.

"ఏం సరే! ఎవర్నడిగి సరే అన్నావే!" అత్తగారు విరుచుకుపడింది. "నా మనవరాలి చోట్లో ఇంకో పిల్లని తెచ్చి కూర్చోబెడతావా! పది నెలలైంది... ఒక్కసారి కంట తడి పెట్టావా నువ్వు! కన్నతల్లివి! నీది గుండెనా బండరాయా!"

కోడలు ఆ మాట విన్నది. పక్కింటి రేడియో వింటే ఎలా ఉంటుందో అలా ఉంది. మాట తెలుస్తోంది, తగలడం లేదు. పది నెలలుగా అంతే... ఒకసారి వేడి గిన్నె ఒట్టి చేత్తో పట్టుకుని, బొబ్బ లేచాక గానీ చూసుకోలేదు.

భర్త గుమ్మంలో పనిముట్ల సంచీ దించుతున్నాడు. లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో ఏ లిఫ్టు ఎన్నో అంతస్తులో ఆగిపోయినా లోపలి వాళ్ళని క్షేమంగా దించుతాడు. తను ఏ అంతస్తులో ఆగిపోయాడో మాత్రం ఎవరికీ చెప్పడం లేదు. "రానీ అమ్మా. చూసి వెళ్తారు" అన్నాడు. అంతకంటే పొడుగు వాక్యాలు ఈమధ్య అతని దగ్గర దొరకడం లేదు.

అసలు చిక్కు హాలు. మంచం తీసేసిన రోజునుంచీ ఆ గదిలో ఏమీ లేదు. ట్యూబులైటు, గోడకి ఆనించిన రెండు కుర్చీలు, కిటికీకి కర్టెన్ కూడా లేదు. దుమ్ము చేరకూడదని డాక్టరు తీయించాడు, మళ్ళీ ఎవరూ కట్టలేదు. ముగ్గురూ వంటింట్లోనే తింటారు, ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళిపోతారు.

దీనికంటే పెద్ద విచిత్రం ఏమిటంటే కోడలి ఉద్యోగమే హాళ్ళు అమర్చడం! ఫర్నిచర్ షోరూములో వరసగా మూడు గోడల గదులు కట్టి ఉంటాయి. నాలుగో వైపు కస్టమర్లు నడిచే దారి. ఆ దారిలోంచి చూసేవాళ్ళకి "అబ్బ, ఇక్కడే ఉండిపోదాం" అనిపించాలి. పసుపు వెలుగు దీపం, కుర్చీ చేతి మీద ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు పడేసిన శాలువా, గిన్నెలో ప్లాస్టిక్ నిమ్మకాయలు, అలమరలో పుస్తకాలు. పుస్తకాలంటే ఒట్టి అట్టలే, లోపల గాలి. చల్లటి గదిని వెచ్చగా చూపించడంలో ఆమెని మించినవాళ్ళు ఆ షోరూములో లేరు. గడుగ్గాయి పోయిన తర్వాత ఆమె అమర్చిన గదులైతే ఇంకా బాగున్నాయని మేనేజరు అన్నాడు! అదేమిటో మరి...

అతన్నే అడిగి శనివారం కోసం సామాను తెచ్చింది. "సోమవారానికి వెనక్కి వచ్చేయాలి. ధర చీటీలు చింపొద్దు" అన్నాడు. చీటీలన్నీ మెత్తల కిందకి దోపింది.

శుక్రవారం సాయంత్రం భర్త డ్రిల్లు తెచ్చాడు. కర్టెన్ కడ్డీ బిగించాడు. "ఇక్కడా?" "కొంచెం పైకి." "ఇప్పుడు?" "ఆఁ." పది నెలల్లో మొగుడూ పెళ్ళాలు ఒకరితో ఒకరు మాట్లాడుకున్న అతి పెద్ద సంభాషణ అదే.

చివరికి ఒక పటం మిగిలింది. పడవా, నీళ్ళూ ఉన్న పెద్ద పటం. అతను కళ్ళ ఎత్తులో పట్టుకున్నాడు.

"కిందకి" అందామె. "ఇంకా... ఇంకా కిందకి."

"నడుము దగ్గర ఎవరైనా పటం పెడతారా?"

"తాడు పొడుగ్గా వదులుతాను. మేకు మీరు పైనే కొట్టండి."

అతను గోడ వైపు చూసి, మేకు పైనే కొట్టాడు. మంచం ఉన్నన్నాళ్ళూ గడుగ్గాయి పెన్సిల్‌తో ఆ గోడ మీద గీసింది. గదిలో పడుకుంటే ఎవరొచ్చారో తెలీదని పట్టుబట్టి హాల్లో, గుమ్మం కనపడేలా మంచం వేయించుకుంది. వచ్చినవాళ్ళనల్లా గోడెక్కించింది. సంచీతో నాన్న, ఇంత ముక్కుతో నానమ్మ, సూదితో నర్సు, గ్యాసు బండ మోసేవాడు... వాళ్ళందరి మీదా ఇప్పుడు పడవ వేలాడింది.

అత్తగారు వచ్చి చూసింది. అన్నీ బాగున్నాయి. అదే ఆవిడ బాధ. "ఇదేం అమరికే! కుర్చీలన్నీ గుమ్మం వైపే ఉన్నాయి! అందరం వరసగా కూర్చుని బస్సు కోసం చూడాలా ఏం?"

కోడలు కుర్చీల వంక చూసింది. షోరూములో అంతే. కుర్చీలన్నీ దారి వైపు తిరిగి ఉండాలి, అందులో ఎవరూ కూర్చోరు గనక. అలవాటుగా వేసేసింది. అయినా మార్చలేదు. మార్చాలనీ అనిపించలేదు, వద్దనీ అనిపించలేదు.

శనివారం పదకొండు కొట్టకముందే ఆఫీసరమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పి నడకలో తెలుస్తోంది, చంకలో ఫైలు. "హబ్బ, ఎంత బాగుందండీ గది!" అంటూ కూర్చుంది. వెంటనే మెత్త కిందనుంచి చీటీ ఒకటి బయటికి జారి, ఆవిడ పక్కనే బుద్ధిగా కూర్చుంది. ఆవిడ దాన్ని చూసింది. చేతికందిన పుస్తకం ఒకటి తీసి తెరవబోయింది. తెరుచుకోలేదు. నెమ్మదిగా యథాస్థానంలో పెట్టేసింది.

"నేను అక్కడ పని చేస్తానండీ... షోరూములో" అంది కోడలు.

"ఫారంలో రాశారుగా. పాపకి ఏ గది ఇస్తారు? స్కూలు ఎంత దూరం?" ఒక్కో ప్రశ్నకీ కోడలు సరైన జవాబు చెప్పింది. అన్నిటికీ మార్కులు పడే జవాబులే. ఆఫీసరమ్మ రాసుకుంటూ ప్రతిసారీ తల పక్కకి తిప్పి చూడాల్సి వస్తోంది. నలుగురూ గుమ్మం వైపే కూర్చున్నారు మరి! మెడ పట్టేసిందేమో, లేచింది. "అవునమ్మా, ఆ పటం ఏంటి, అంత కిందకి పెట్టారు? నాకు ఇందాకట్నుంచీ అదే చూపు" అంటూ తిన్నగా గోడ వైపు నడిచింది. హాలు మధ్యలోంచి, కిటికీ పక్కనున్న ఖాళీలోంచి...

"మంచం! మంచం తగులుతుంది!" అని అత్తగారు కేక పెట్టింది.

భర్త అప్పటికే సగం లేచాడు, పడబోయే మనిషిని పట్టుకోవడానికి చేతులు చాచి. కోడలి చేతులూ చాచే ఉన్నాయి.

ఆఫీసరమ్మ ఆగిపోయింది. చుట్టూ చూసింది. నున్నటి నేల... మంచం కాళ్ళు రెండేళ్ళు నొక్కిన నాలుగు గుంటలు తప్ప ఏమీ లేదు.

అప్పుడు తెలిసింది ముగ్గురికీ. పది నెలలుగా ఈ ఇంట్లో ఎవరూ ఆ చోట కాలు పెట్టలేదు! కిటికీ వేయాలన్నా, కర్టెన్ కట్టాలన్నా, పటం పెట్టాలన్నా గోడ వారగా చుట్టూ తిరిగే వెళ్ళారు. లేని మంచానికి మోకాలు తగలకుండా ఒద్దికగా పక్కకి జరిగి... ఇన్నేళ్ళ అనుభవంతో హాలంతా అమర్చిన మనిషి కూడా ఆ మంచం పట్టేంత చోటు కొలిచినట్టు వదిలేసింది. ఎందుకని తననెవరైనా అడిగి ఉంటే, దారి కోసం అనేది.

"ఇక్కడేనా అమ్మా పాప..." అని ఆఫీసరమ్మ మెల్లిగా అడిగింది.

"ఇక్కడే" అంది కోడలు. "తల ఆ వైపు. గుమ్మం కనపడాలని."

అంతే! అత్తగారు బావురుమంది. "ఇది రెండేళ్ళు ఈ నేల మీదే పడుకుంది మేడమ్! పిల్ల చెయ్యి పట్టుకుని, కింద, చాప మీద! పిల్ల ముందు ఏడవొద్దు, భయపడుతుంది అన్నాడు డాక్టరు. సరేనంది. ఒక్క రోజు ఏడవలేదు! నవ్వుతూ కథలు చెప్పింది... ఆ తర్వాత ఇక ఏడవచ్చు అని దీనికి ఎవరం చెప్పలేదు మేడమ్! చెప్పాలని నాకు తట్టలేదు! పైగా నేను... నేను బండరాయి అన్నాను!"

కోడలు అలాగే నిలబడింది. ఇప్పుడేనా ఏడుపు రావాలి కదా అనుకుంది. రాలేదు. అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది. ఆ భుజం వెచ్చగా ఉందని మాత్రం తెలిసింది.

ఆఫీసరమ్మ కళ్ళజోడు తుడుచుకుని, పటం అంచు పట్టుకుని ఎత్తింది. పెన్సిల్ మనుషులందరూ బయటపడ్డారు. అందరికంటే కింద, తలగడ వెనక ఉండే చోట, చిన్న బొమ్మ ఒకటి. రెండు జడలు, గౌను. మొహం మాత్రం లేదు, ఒట్టి సున్నా. పక్కన వంకర అక్షరాలు. ఆవిడ వంగి పైకి చదివింది. "చెల్లి. వచ్చాక గీయాలి."

భర్త ముందుకి వంగి చూశాడు. "ఇది... నేనెప్పుడూ చూడలేదు."

"మంచం తీసిన రోజు నేను చూశాను" అంది ఆమె గోడతో చెబుతున్నట్టు. "మీకు చెప్పలేదు. చెబితే తీసుకురావాల్సి వస్తుందని. దాన్ని వదిలేసి ఇంకో పిల్లని ఎలా... అందుకే కప్పేశాను. కానీ ఫోన్లో వద్దు అనడానికీ నోరు రాలేదండీ."

ఆఫీసరమ్మ ఫైలు మూసింది. ముగ్గురూ ఆ ఫైలు వంకే చూశారు. మూసేస్తే మళ్ళీ తెరవరు!

"రిపోర్టు ఇవాళ రాయను. వచ్చే శనివారం మళ్ళీ వస్తాను. ఈలోగా షాపు సామాను షాపుకి పంపించేయండి. నన్ను ఎక్కడ కూర్చోబెడతారో మీరే చూసుకోండి... మెడ తిప్పకుండా మాట్లాడేలా ఉంటే చాలు నాకు" అంది. వెళ్తూ వెళ్తూ ఆ ఖాళీని చుట్టి, గోడ వారగా నడిచి వెళ్ళింది.

సోమవారం దీపం, శాలువా, నిమ్మకాయలు, గాలి పుస్తకాలు అన్నీ వెళ్ళిపోయాయి. పడవ కూడా వెళ్ళిపోయింది. మంగళవారం పొద్దున్నే ఈడ్చుతున్న చప్పుడైతే కోడలు వచ్చి చూసింది. అత్తగారు తన గదిలోని పేము కుర్చీ లాక్కొస్తోంది. ఆ నాలుగు గుంటల దగ్గరికొచ్చి ఆగింది. కళ్ళు గట్టిగా మూసుకుని ఒక కాలు వేసింది. రెండో కాలు వేసింది. కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏం చూస్తావే, నీ కుర్చీ తెచ్చుకో. ఇటు తిప్పి వెయ్యి, నా మొహం కనపడేలా! అంత బాగుండదనుకో, అలవాటు చేసుకో."

భర్త ట్యూబులైటు తీసి బల్బు పెట్టాడు. ఒక కుర్చీకీ ఇంకో కుర్చీకీ పొంతన లేదు. షోరూములో అయితే ఈ గది అమర్చినవాళ్ళని ఉద్యోగంలోంచి తీసేస్తారు! రాత్రి అన్నాలు ముగ్గురూ అక్కడే తిన్నారు. ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు గానీ, అతను పచ్చడి అడిగినప్పుడు ఆమె మొహం చూసి అడిగాడు.

శనివారం ఆఫీసరమ్మ గంటన్నర కూర్చుంది. మెడ పట్టలేదంది. రిపోర్టు అక్కడే రాసింది.

రెండు నెలలకి పాప వచ్చింది. రెండు జడలు లేవు, పొట్టి జుట్టు. గుమ్మంలో నిలబడి ముగ్గురినీ ఒకసారి చూసింది. తర్వాత ఎవరూ పిలవకముందే హాలు మధ్యలోంచి, ఆ నాలుగు గుంటల మధ్యలోంచి, తిన్నగా గోడ దగ్గరికి నడిచి, అక్కడే చతికిలబడింది. ఎవరూ కేక పెట్టలేదు.

"వీళ్ళందరూ ఎవరు?"

ఆమె పక్కన నేల మీద కూర్చుని ఒక్కొక్కరినీ చెప్పింది. సంచీ నాన్నది, ముక్కు నానమ్మది. "నా ముక్కు అంత లేదు!" అని పేము కుర్చీలోంచి వినపడింది.

"దీనికి మొహం లేదేం?" అని పాప చిన్న బొమ్మ మీద వేలు పెట్టింది.

"నీ కోసం ఆపింది అక్క. గీస్తావా?"

పెన్సిల్ తీసుకుని పాప చాలాసేపు ఆలోచించింది. రెండు కళ్ళు గీసింది. పెద్ద నోరు గీసింది. పళ్ళు పెట్టింది. మధ్యలో రెండు వదిలేసింది. "ఇవి ఊడిపోయాయి. వచ్చాక గీస్తా" అంది.

ఆమె లేవబోయింది. లేవలేకపోయింది. ఇంతసేపూ మడిచి కూర్చున్న కాలు తిమ్మిరెక్కింది. "అమ్మో..." అంటూ మళ్ళీ కూలబడింది. ఒట్టి మొద్దుగా ఉన్న కాల్లోకి సూదులు గుచ్చినట్టు ప్రాణం వస్తోంది.

"తిమ్మిరా? కదపండి, పోతుంది. పోయేటప్పుడే నొప్పి పెడుతుంది" అని పాప పెద్దరికంగా చెప్పి, చిన్న చేతులతో ఆ కాలు రుద్దడం మొదలెట్టింది. తల ఎత్తి చూసి హడలిపోయింది. "అంత నొప్పిగా ఉందా! ఏడుస్తున్నారా!"

"ఏమే, ఏడుస్తున్నావా?" అని అత్తగారు కుర్చీలో ముందుకి వంగింది.

"కాలు తిమ్మిరి అత్తయ్యా..."

"ఆఁ, తిమ్మిరే, నాకు తెలీదూ!" ముసలావిడ చెంగు తీసి కోడలి ఒళ్ళోకి విసిరినట్టు అందించింది. "మెల్లిగా ఏడువు తల్లీ. తొందరేం లేదు."