ముప్పై రెండు గీతలు

గోడ మీది స్క్రీన్‌పై ముప్పై రెండు గీతలు, విద్యార్థికొకటి. వకుళ క్లాసులో చదువుతున్న కథలో బావిలోంచి చెయ్యి పైకి రాగానే అన్నీ ఒక్కసారి లేచి, వెంటనే పడిపోయాయి.

"చూశారా మేడమ్, అరక్షణం పట్టలేదు," అన్నాడు డాక్టర్ ఫణీంద్ర.

బీఏ రెండో ఏడాదికి భయానక కథలు పాఠ్యాంశం. నిరుడు వకుళ పాఠం వింటూ ఒకమ్మాయి స్పృహ తప్పింది. తల్లిదండ్రులు గొడవ చేశారు. అందుకే ఫణీంద్ర తయారుచేసిన ఈ బ్యాండ్. మణికట్టుకు కట్టుకుంటే గుండె వేగం, చెమట కొలుస్తుంది. భయం మొదలవగానే నరానికి సన్నటి కరెంటు పంపి ఆపేస్తుంది. కాలేజీ గేటు దాటితేగానీ తాళం ఊడదు.

"భయపడకుండా భయం కథ ఏం అర్థమవుతుందండీ?" అంది వకుళ.

"పరీక్షలో అడిగేది లక్షణాలే కదా మేడమ్."

ఆయన వెళ్లిన పది నిమిషాలకు తలుపు సందులోంచి పొగ వచ్చింది. వకుళ తలుపు తీసింది. వరండా చివర కంప్యూటర్ గది మండుతోంది.

"లేవండి! నిప్పంటుకుంది!"

ఎవరూ లేవలేదు. స్క్రీన్ మీద ఒక్క గీతా లేచి నిలవలేదు.

ముందు బెంచీ జమీల వెళ్లి తొంగిచూసింది. "నిజమే మేడమ్, అంటుకుంది," అని వచ్చి కూర్చుని పెన్ను తీసింది. "ఆ బావి పేరాకి నోట్సు చెప్పేయండి."

"ఫైరింజనొస్తుందిలే మేడమ్, కంగారెందుకు?" అన్నాడు వెనక నుంచి ఒకడు, దగ్గుతూనే. అందరూ నవ్వారు.

వకుళ జమీల చెయ్యి పట్టుకు లాగింది. కదల్లేదు. ఇలా ఎంతమందిని లాగాలి? పొగ పైకప్పు నుంచి తలల మీదికి దిగుతోంది. రిజిస్టర్ అందుకుంది.

"ఇవాళ అటెండెన్స్ గ్రౌండ్‌లో."

"ఇక్కడే వేసేయండి మేడమ్!"

"అక్కడ పలికినవాళ్లకే. నేను వెళ్తున్నా."

బెంచీలు కదిలాయి. విసుక్కుంటూ, వరుసగా, ఒకరినొకరు తోసుకోకుండా మెట్లు దిగారు. గ్రౌండ్‌లో వకుళ ముప్పై రెండు పేర్లూ పిలిచింది. అందరూ పలికారు. అప్పుడామె మట్టిలో కూలబడి ఏడ్చింది.

వారానికి విచారణ నివేదిక వచ్చింది. విద్యార్థులు నిబ్బరంగా ఉన్నారు, తొక్కిసలాట జరగలేదు, ఘనత బ్యాండ్లదే. భవనంలో భయంతో అదుపు తప్పింది ఒక్కరే: లెక్చరర్.

"ఇకపై స్టాఫ్‌కి కూడా తప్పనిసరి," అంటూ ప్రిన్సిపాల్ గదిలో ఫణీంద్ర ఆమెకు బ్యాండ్ అందించాడు.

"ఒక్క మాట వినండి. ఆ రోజు నేను కూడా ఇది పెట్టుకుని ఉంటే..."

"ముందు పెట్టుకోండి మేడమ్. తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం," అన్నాడు ప్రిన్సిపాల్.

పెట్టుకుంది. తాళం పడింది. మణికట్టు సన్నగా జివ్వుమంది.

"ఊఁ, ఏదో అంటున్నారు?"

చెప్పాల్సిన మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అంత అవసరంగా ఎందుకు చెప్పాలో మాత్రం వకుళకు తెలియలేదు.

"ఏం లేదండీ," అంది.