తొందరపడిన కేక

సూర్యుడు కొండ వెనక్కి జారిపోయాడు. పగలూ కాదు, రాత్రీ కాదు... ఎదురుపడింది మనిషో పిశాచమో పోల్చుకోలేని వేళ! కురుస్తున్న మంచులోనే ఆకాశం ఫెళఫెళా ఉరిమింది. దేవదారు కొమ్మ మీద గుడ్లగూబ ఒక్కసారి కూసి ఊరుకుంది.

సరిగ్గా అప్పుడే ఒషినో కడుపు పట్టుకుని చాప మీద విరుచుకుపడింది.

"హ్ర్... హ్ర్ర్ర్..."

అది ఆడమనిషి గొంతు కాదు! పెదాల మీద నెత్తుటి నురుగు. గోళ్లు చాపను పీలికలు చేస్తున్నాయి. ఆమె భుజాలను అదిమి పట్టుకున్న భర్త తోమెకిచికి ఆ మూలుగు ఎవరిదో తెలుసు.

ఐదు రోజుల క్రితం అతని తూటా ఓ ఆడ ఎలుగు పొట్టలో దిగింది. అది కూలగానే, దగ్గరికెళ్లి చూడకుండానే, "జయం! జయం!" అని కేక పెట్టాడు. ఆ కొండల్లో ఆ కేకకు ఒకటే అర్థం. కొండతల్లి ప్రాణం ఇచ్చింది, మేం పుచ్చుకున్నాం. అది వినపడ్డాక మరెవరూ తుపాకీ ఎత్తరు. వేటగాళ్ల ముఠా అంతా తుపాకులు దించేసింది.

ఎలుగు లేచింది! పేగులు ఈడ్చుకుంటూ లోయలోకి దిగిపోయింది. మంచు తుఫాను దాని జాడను మింగేసింది.

"గొంతేమో కొండంత, గురేమో గోరంత!" ముఠా పెద్ద షిగేజో మొహాన ఉమ్మినట్టే అన్నాడు. "అమ్మకే అబద్ధం చెప్పావు కదరా! దాన్ని వెతికి, బాధ తీర్చేదాకా నా నిప్పు పక్కన కూర్చోకు."

రెండు రోజులు వెతికాడు. ముద్ద దిగలేదు. చెవుల్లో ఒకటే మూలుగు... మూడో రోజు దారిలో ర్యోకై ఎదురయ్యాడు. మఠం వెలివేసిన సన్యాసి. పాడుబడ్డ బొగ్గుబట్టీలో అతని కాపురం.

"ఎందుకు నాయనా ఈ తిరుగుడు?" జాలిగా నవ్వాడు. "ఆ ఎలుగు నెత్తురంటిన మంచుగడ్డ, నీ ఇంటిదాని జుట్టు ఓ పాయ పట్రా. ఆ మూలుగు నీ చెవిలోంచి తీసేస్తా."

తీసేశాడు. అది ఒషినో గొంతులోకి వెళ్తుందని మాత్రం చెప్పలేదు!

ఒషినో భుజాలు వదిలి తోమెకిచి బల్లెం అందుకున్నాడు.

"ఏమయ్యా..." ఒక్క క్షణం ఒషినో తన గొంతుతో పిలిచింది. "ఇక తట్టుకోలేను... ఏదో ఒకటి చెయ్యి..."

మోకాలి లోతు మంచులో పరిగెత్తి ర్యోకై బట్టీ తలుపు తన్నాడు. బల్లెం ముందుకు చాచి లోపలికి దూరాడు.

రాతి పీఠం మీద ఎప్పుడో చచ్చిన మరో ఎలుగు పుర్రె. దానికి చుట్టిన ఒషినో జుట్టు. వెనక గొలుసులతో కట్టేసి... ఆ ఎలుగే! పొట్టలో పురుగులు లుకలుకలాడుతున్నాయి. అయినా బతికే ఉంది! ర్యోకై ఇనుప చువ్వతో ఆ గాయాన్ని కెలికి, వేళ్లకంటిన నెత్తురు నాకుతున్నాడు.

"లోయలో దొరికిన దీన్ని చావనివ్వను!" వికటంగా నవ్వాడు. "దీని బాధే నా బలం. నీ పెళ్లాం ఊపిరి అరువిచ్చి బతికిస్తున్నా. పొడుస్తావా? పొడు! ఇక్కడ ఇది, అక్కడ అది... రెండు శవాలు!"

తోమెకిచి బల్లెం కింద పెట్టాడు. ఎలుగు అతనికేసి చూసింది. ఆ చూపు తట్టుకోలేక మోకరిల్లాడు. గుండెలు పగిలేలా అరిచాడు.

"అమ్మా! కొండతల్లీ! నా కేక అబద్ధం! నువ్వివ్వలేదు, నేను పుచ్చుకోలేదు! ఈ ప్రాణం ఇంకా నీదే!"

వేసిన కేకను వెనక్కి తీసుకున్న వేటగాడు ఆ కొండల్లో ఇంతవరకూ లేడు.

కొండ కదిలింది!

పిడుగు పడినట్టు పైనుంచి మంచు విరుచుకుపడింది. బట్టీ కప్పు పగిలింది. రాయి తగిలి పుర్రె నుజ్జయింది, జుట్టు నిప్పుల్లో పడి భగ్గుమంది, గొలుసులు పటపటా తెగాయి!

"వద్దు... నేను నీ యజమానిని!" ర్యోకై కేక సగంలోనే ఆగింది. ఎలుగు పంజా అతని దవడను ఊడబెరికింది. రెండో దెబ్బకి పొట్ట చీలింది... సరిగ్గా ఎలుగుకి గాయం ఉన్న చోటే. అతని వేళ్లు తన పేగులనే వెతుక్కుంటూ ఆగిపోయాయి.

ఎలుగు పక్కకి ఒరిగింది. చావలేదు. ఎదురుచూస్తోంది.

ఒషినోతో దాని ముడి తెగిపోయింది. తోమెకిచి బల్లెం తీసి ఎలుగు గుండెలో దించాడు. ఈసారి దాని రొమ్ము మీద చెయ్యి పెట్టాడు. కొట్టుకోవడం ఆగి, బొచ్చు కింద వెచ్చదనం పోయేదాకా తియ్యలేదు.

గుమ్మంలో షిగేజో నిలబడి ఉన్నాడు.

"మీ ఆవిడ లేచి నీళ్లడిగిందిరా. ఇక్కడ జయం కేకేదీ వినపడలేదే?"

"చల్లబడింది తాతా," అన్నాడు తోమెకిచి. అంతే.

షిగేజో పక్కకి జరిగి దారిచ్చాడు. "రా. నిప్పు రాజేసి ఉంది."

నాలుగడుగులు వేశాడో లేదో, ఆ మూలుగు మళ్లీ అతని చెవుల్లోకి వచ్చి కూర్చుంది. తోమెకిచి ఉలిక్కిపడలేదు. ఈసారి దాన్ని ఎవరికీ ఇవ్వదలచుకోలేదు.