భర్త తరఫున హాజరు

ముందు నా గొంతు సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాదంతా మీకు కట్టుకథలా అనిపిస్తుంది.

కోర్టు వరండాలో నిలబడి నేను పిలిస్తే, రోడ్డుకి అవతల టీ తాగుతున్న పార్టీ గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చేవాడు. ఒకసారి నేను తుమ్మితే పక్క హాల్లో జడ్జిగారు ఉలిక్కిపడి కేసు వాయిదా వేసేశారు. నవ్వకండి, చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. వకీలు గుమాస్తాగా జీవితమంతా ఆ గొంతుతోనే నెట్టుకొచ్చాను. మా పనిలో చట్టం సంగతి తర్వాత, ముందు గొంతు కావాలి.

ఎందుకంటే కోర్టు బంట్రోతు గుమ్మంలో నిలబడి పార్టీ పేరు మూడుసార్లు పిలుస్తాడు. మూడో పిలుపుకీ ఎవరూ పలక్కపోతే ఆ మనిషి లేనట్టే లెక్క. ఎక్స్‌పార్టీ అంటారు. ఎదుటివాళ్లు అడిగింది అడిగినట్టు జడ్జిగారు రాసిచ్చేస్తారు. పార్టీ ఆ టైముకి ఏ హోటల్లోనో ఉంటాడు గనక వాడి తరఫున గుమాస్తా పలకాలి. "హాజర్!" అని. ఎవడు, ఏ కేసు అని ఆలోచిస్తూ కూర్చుంటే పుణ్యకాలం దాటిపోతుంది. మూడో పిలుపు చెవిన పడిందా, నోరు దానంతటదే తెరుచుకోవాలి. నాకు నిద్రలో కూడా తెరుచుకునేది. మా ఆవిడ బతికున్న రోజుల్లో నన్ను తట్టి లేపేది కాదు. మూడుసార్లు పిలిచేది. మూడోదానికి "హాజర్" అంటూ లేచి కూర్చునేవాణ్ణి.

ఇక నకళ్లంటారా, నేను తీయలేని నకలు లేదు. విడాకుల తీర్పులైతే మరీను. జనం పెళ్లి ఫోటోలు దాచుకుంటారు, విడాకుల కాగితం పారేసుకుంటారు. మళ్లీ అవసరం పడినప్పుడు మావయ్యా అనో, గురువుగారూ అనో నా గుమ్మం ముందు నిలబడతారు.

ఆ రోజు మధ్యాహ్నం అలా పిలిచింది సొంత మేనకోడలే. మా అక్క కూతురు. ఒంటరిగా ఉంటుంది, బట్టలు కుడుతుంది. నాలుక ఆమె కత్తెరకన్నా పదును. అలాంటిది ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడింది.

"మావయ్యా, ఆ మనిషి వచ్చాడు."

"ఏ మనిషి?"

"ఇంకెవడు? మనం వదిలించుకున్నవాడు."

వెళ్లాను. ముందు గదిలో కుట్టు మిషన్ పక్కనున్న కుర్చీలో కూర్చునున్నాడు ఆ మాజీ అల్లుడు. పేరు రాయను. ఆ పేరు కాగితం మీద పెట్టడం నాకిష్టం లేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని గుమ్మం వైపే చూస్తున్నాడు. బయట వాన ఇంకా మొదలవలేదు. అయినా అతని పాంటు మోకాళ్ల దాకా తడిసుంది. కుర్చీ కింద మడుగు కట్టింది. గదిలో పాత కాగితం నానిన వాసన.

"లేవరా!" అన్నాను. నేను అరిస్తే ఎలా ఉంటుందో చెప్పాగా. గోడ మీద సున్నం పెచ్చు ఊడి పడింది.

అతను తల తిప్పి నా నోటి వైపు చూశాడు. కళ్లలోకి కాదు, నోటి వైపు.

"నన్ను పిలిచారా?" అన్నాడు.

"పొద్దుట్నుంచీ ఇదే పాట," అంది మేనకోడలు. "తిండి వద్దంటాడు, నీళ్లొద్దంటాడు. గంటకోసారి ఇదే అడుగుతాడు. పొమ్మంటే, నా భార్య ఇంట్లో నేనుంటే తప్పేంటంటాడు. విడాకులయ్యాయి కదయ్యా అంటే, ఎక్కడ, నన్ను పిలవందే ఎలా అవుతాయంటాడు. నీ అరుపుకి గోడ రాలింది గానీ మావయ్యా, అతను రాల్లేదు."

పోలీస్ స్టేషన్‌కి అప్పటికే వెళ్లొచ్చిందట. అక్కడ ఎస్సై కూర్చోమని కూడా అనలేదు. మొగుడూ పెళ్లాల గొడవలో మేం దూరం, విడాకులైతే కోర్టు ముద్రున్న నకలు పట్రా, చొక్కా పట్టుకుని బయటికి లాగుతాం, అన్నాడట. ఆమె దగ్గరున్న నకలు ఇల్లు మారినప్పుడు పోయింది.

"సాయంత్రానికల్లా తెచ్చిపెట్టు మావయ్యా," అంది. "చీకటి పడ్డాక ఈ మనిషితో ఈ ఇంట్లో ఉండలేను."

"సాయంత్రం దాకా ఎందుకే? నువ్వు కత్తెరకి పదును పెట్టుకునేలోపు తెస్తా," అన్నాను.

ఆమె కేసు నాకు బాగా గుర్తు. తీర్పు రోజు కుండపోత వాన. కోర్టు మెట్ల దాకా నీళ్లు. ఆ మనిషి రాలేదు. బంట్రోతు మూడుసార్లు పిలిచాడు, ఎవరూ పలకలేదు, ఎక్స్‌పార్టీ తీర్పొచ్చింది. ఆ కేసులో నేను చేసిన ఘనకార్యమల్లా నోరు మూసుకుని కూర్చోవడమే. నా బతుక్కి అదెంత కష్టమో మీరే ఊహించుకోండి.

కోర్టుకి చేరేసరికి చినుకులు పడుతున్నాయి. జడ్జిగారు సెలవు. హాలుకి తాళం. వరండాలో కుక్క కూడా లేదు. రికార్డు గది మాత్రం భవనం అడుగున ఉంటుంది, మెట్లు దిగి వెళ్లాలి. దాన్ని కాసే గుమాస్తాని మేమంతా తాళంకప్ప అంటాం. ఏది అడిగినా తెరవడు గనక.

"మళ్లీ తయారయ్యావా?" అన్నాడు తల ఎత్తకుండా. "నీకు చావు రాదురా?"

"వస్తే ముందు నీ దగ్గరికే వచ్చి నకలు అడుగుతుంది. నువ్వు లేదని పంపించేస్తావు."

నా చీటీ తీసుకున్నాడు. కేసు నంబరు చూశాడు. ఇంకోసారి చూశాడు. వాడి మొహంలో ఉన్న కాస్త రంగూ పోయింది.

"ఇది వద్దు. రేపు రా."

"రేపటికి ఆ పిల్ల ఉండాలిగా. తెరుస్తావా, ఇక్కడే నిలబడి మొదలెట్టనా?"

నేను మొదలెడితే ఏమవుతుందో వాడికి తెలుసు. తాళం తీశాడు. గుమ్మం మాత్రం దాటలేదు.

"నోరు మూసుకుని వెతుక్కో," అన్నాడు.

తిట్టాడనుకున్నాను. ఎప్పుడూ తిట్టేవాడే కదా.

లోపలికి వెళ్లాను. కిటికీల్లేని గది. ఒకే ఒక్క బల్బు, అదీ పసుప్పచ్చగా. నేల నుంచి కప్పు దాకా ఇనప అరలు. అరల నిండా గుడ్డలో కట్టిన కట్టలు. నానిన అట్ట వాసన, జిగురు వాసన, ఎక్కడో చచ్చిన ఎలక వాసన. గోడలకి నడుమెత్తున మరక, ఎప్పుడో వరద నీళ్లు నిలిచిన గుర్తు. కేసు వేసిన ఏడాది పట్టి వెతికితే ఇక్కడే ముసలాళ్లయిపోతారు. తీర్పొచ్చిన ఏడాది పట్టి వెతకాలి. నేను తిన్నగా ఆ వరసకే వెళ్లాను. గుడ్డివాడినైనా వెళ్లగలను.

కింది అర పక్కన ఒక జత చెప్పులున్నాయి. మగవాళ్లవి. తడిగా ఉన్నాయి.

తాళంకప్పవేమో అనుకున్నాను. కట్ట విప్పాను. నాలుగు కాగితాలు తిప్పేసరికి తీర్పు దొరికింది. "ప్రతివాదిని ముమ్మారు పిలిచినను పలుకలేదు గనుక..." అని అందమైన అక్షరాలు. గెలిచాననుకున్నాను.

అప్పుడు బల్బు ఆరిపోయింది.

చీకటంటే మామూలు చీకటి కాదు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. పైన వాన పెరిగింది. కప్పులోంచి ఆ హోరు ఎవరో తలుపు నెడుతున్నట్టు వినిపిస్తోంది. నేను భయపడలేదు. నేను భయపడను. చేత్తో అర పట్టుకుని నిలబడ్డాను, అంతే.

పైనుంచి పిలుపు వినిపించింది. బంట్రోతు పిలుపు. సాగదీసి, నిదానంగా. మేనకోడలి కేసు నంబరు. తర్వాత ఆ మనిషి పేరు, ఇంటిపేరుతో సహా.

"హాజరా...?"

కోర్టు నడుస్తోంది కాబోలు అనుకున్నాను.

రెండో పిలుపు. ఈసారి పైనుంచి కాదు. మెట్ల మీంచి.

"హాజరా...?"

అప్పుడు గుర్తొచ్చింది. జడ్జిగారు సెలవు... హాలుకి తాళం...

నా పాదాల చుట్టూ ఏదో చల్లగా పాకింది. నీళ్లు. మడమలు దాటాయి.

మూడో పిలుపు నా చెవి పక్కనే వచ్చింది. ఊపిరితో సహా.

"హాజరా...?"

"హాజర్!" అన్నాను.

నేను అనలేదు. నా నోరంది. జీవితంలో నేను పలికిన పలుకులన్నిటిలోకీ అదే పెద్దది. అరలు గణగణమన్నాయి.

అరల మోత ఆగింది.

అర వెనకాల ఎవరో ఊపిరి వదిలారు. ఎన్నాళ్లనుంచో బిగబట్టిన ఊపిరి... పొడుగ్గా... ఇంకా పొడుగ్గా...

ఆ వెనక చాలా మెల్లగా, కొత్త చొక్కా తొడుక్కుని చూసుకుంటున్నట్టు ఒక గొంతు.

"హాజర్..."

అది నా గొంతు.

ఎవడ్రా అని అరవబోయాను. నోరు తెరుచుకుంది. గాలొచ్చింది. మాట రాలేదు.

బల్బు వెలిగింది. నేల పొడిగా ఉంది. చెప్పులు లేవు.

కాగితం పట్టుకుని బయటికొచ్చాను. తాళంకప్ప గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నా నోటి వైపు చూశాడు.

"పలికావా?" గుసగుసగా అడిగాడు. "ఎవరి తరఫున? ఆడదాని తరఫునా, మగాడి తరఫునా?"

వేలితో తీర్పులో 'ప్రతివాది' అన్న మాట చూపించాను.

"దరిద్రుడా! నోరు మూసుకోమన్నానా లేదా?" గుమ్మానికి మళ్లీ తాళం వేశాడు. "ఆ రోజు వానలో వాడొచ్చాడు. పైకి పోవాల్సినవాడు దారి తెలీక కిందికి దిగినట్టున్నాడు. పైన పిలుపులు, కింద ఎవరో పలుకుతున్నట్టే... నీళ్లొచ్చేస్తున్నాయని నేను తాళం వేసి పోయా. నీళ్లు తోడాక చూస్తే మనిషి లేడు. చెప్పులున్నాయి. నేనెవరికీ చెప్పలేదు. చెబితే నా మెడకే కదా."

నా చేతిలోంచి తీర్పు లాక్కుని నకలు రాసి, ముద్ర కొట్టి, నా మొహాన పడేశాడు.

"పట్టుకుపో. ఇంక దీనికి విలువేంటి? వాడు పలకలేదనే కదా విడాకులిచ్చింది. ఇప్పుడు పలికాడు. కేసు మళ్లీ తెరుచుకుంది. ఇక పిలిచేది ఆమెనే. మూడింటికీ నోరు విప్పకపోతే బతికిపోయింది. పలికిందా, ఇద్దరూ హాజరు. ఇద్దరూ హాజరైతే రాజీ. పెళ్లాన్ని వెంట తీసుకుపోతాడు."

ఈ ముసలి కాళ్లతో నేనెంత వేగంగా ఇంటికి చేరానో చెబితే బస్సులు సిగ్గుపడతాయి.

మేనకోడలు గుమ్మంలోనే నవ్వుతూ ఎదురొచ్చింది. "వెళ్లిపోయాడు మావయ్యా! ఇందాక కరెంటు పోయిందే, అప్పుడు లేచి నిలబడ్డాడు. 'పిలిచారు' అన్నాడు. పోయాడు. అదేంటి, మాట్లాడవు? నీ గొంతుకి ఇవాళ సెలవా? ఊరు ప్రశాంతంగా ఉందేంటా అనుకున్నా."

ఆమె బల్ల మీదున్న కొలతల సుద్ద తీసుకుని, నల్ల గుడ్డ మీద పెద్ద అక్షరాలతో రాశాను. 'ఎవరు పిలిచినా పలక్కు.'

నవ్వింది. అంతా రాసి చూపించేసరికి నవ్వు ఆగింది.

నేను ఆ ఇంట్లోనే మకాం పెట్టాను. ఆమెను పిలవాలంటే చప్పట్లు కొట్టేవాణ్ణి. తలుపు ఎవరు తట్టినా నేనే వెళ్లేవాణ్ణి.

మొదటి పిలుపు మర్నాడే వీధిలోంచి వచ్చింది. బంట్రోతు గొంతు, సాగదీసి, ఆమె పేరు. మిషన్ ఆపి నా వైపు చూసింది. తల అడ్డంగా ఊపాను. పెదాలు బిగించుకుంది. రెండోది ఇంకో రోజు, ఆ ఖాళీ కుర్చీలోంచి. ఆ మనిషి గొంతు. బతిమాలుతున్నట్టుంది. ఆమె గుడ్డ ముక్క నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆ పిలుపు ఆగేదాకా కళ్లల్లోంచి నీళ్లు కారాయి. పలకలేదు. మా అక్క కూతురండీ! ఇంకొకరైతే మొదటిదానికే పోయేవారు.

ఇక మిగిలింది ఒక్కటే.

వానలు వెలిశాయి. ఎండలు వచ్చాయి. ఒకరోజు పొద్దున నేను పెరట్లో పంపు దగ్గర మొహం కడుక్కుంటున్నాను. ఆమె వంటింట్లో ఉంది. ముందు గదిలోంచి వినిపించింది.

"అమ్మాయ్! ఒకసారి ఇలా రావే!"

అబ్బ, ఏం గొంతు! కిటికీ రెక్కలు అదిరాయి. వేపచెట్టు మీది కాకి ఎగిరిపోయింది. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. నా గొంతు. వచ్చేసింది.

ఆ క్షణం చాలు కదా.

"హమ్మయ్య!" అంది వంటింట్లోంచి ఆమె, నవ్వుతూ. "గొంతొచ్చిందా మావయ్యా? వస్తున్నా!"

నేను చప్పట్లు కొట్టాను. చేతులు పగిలేలా కొట్టాను. తడి కాళ్లతో జారుకుంటూ లోపలికి పరిగెత్తాను.

ముందు గదిలో ఎవరూ లేరు. మిషన్ చక్రం ఇంకా తిరుగుతోంది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

స్టేషన్‌లో ఎస్సై నకలు అటూ ఇటూ తిప్పి నా మీదకే విసిరాడు. పక్కింటావిడ సాక్ష్యం వాడికి చాలట. "మొగుడి పక్కన నడుచుకుంటూ వెళ్లింది బాబూ. బలవంతమేం లేదు. ముందు వాళ్ల మావయ్య ఉన్నట్టున్నాడు, కనబళ్లేదు గానీ వీధి మలుపు దాకా ఆయన మాటలే వినిపించాయి. ఆ గొంతు ఎవరికి తెలీదు?" అందావిడ.

నేను ఆవిడ ఎదురుగానే నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను. గాలొచ్చింది.

అందుకే ఇది రాయాల్సొచ్చింది. నోటితో చెప్పగలిగితే ఇంకా బాగా చెప్పేవాణ్ణి.

ఆ ఇంటి తాళం నా దగ్గరే ఉంది. కుర్చీ కింద రెండు జతల చెప్పులున్నాయి. ఒకటి రికార్డు గదిలో చూసినవి. రెండోది మా పిల్లవి. నేను వాటిని ముట్టుకోలేదు. తలుపు తీసి ఎండ పడేలా మాత్రం చేశాను. ఊళ్లో చినుకు పడి చాలా కాలమైంది.

అతనివి ఆరిపోయాయి.

ఆమెవి ఇంకా నీళ్లోడుతున్నాయి.